ఇంజిన్‌కి పట్టిన సెమట

వెంకటరావు మావ నూనె చూసుకోకుండా బండి తీశాడని మొట్టమొదట అన్నది నేనే. చావింట్లో, శవం ఇంకా లేవకముందే అన్నాను. ముప్పై ఆరేళ్లు రైల్వే డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా చేసినవాడు, పొద్దున్నే నూనె కొలిచే డిప్‌స్టిక్ తీసి చూడనిదే టీ తాగనివాడు, ఆ ఒక్కరోజే మరిచిపోయాడట. విన్న నలుగురూ నోళ్లు నొక్కుకున్నారు, పోయి ఇంకో నలభైమందికి చెప్పారు. తొమ్మిదో రోజుకల్లా ఈ రైల్వే ఊళ్లో మలంచా పేట నుంచి ఇందా పేట దాకా ఉన్న తెలుగువాళ్లందరిదీ అదే మాట.

ఎందుకన్నానో నాకు అప్పుడే తెలుసు. మావ పోవడానికి రెండు రోజుల ముందు నా మెకానిక్ షెడ్డులో ఆయన కారుకి ఇంజిన్ ఆయిలూ, ఫిల్టరూ మార్చింది నేను. జనం నా వైపు చూడకముందే వాళ్ల చూపు పక్కకి తిప్పాలనుకున్నాను. అంతటి పెద్దమనిషిని నేను.

ఆ రోజు మావ ఒక్కడే హైవే మీద బెల్దా ఊరికి వెళ్తున్నాడు. దారిలో ఆయిల్ లైటు ఎర్రగా వెలిగింది. వెంటనే ఇంజిన్ ఆపేశాడు, అందుకే ఇంజిన్ బతికింది. మండే ఎండలో కారుని ఒక్కడే చెట్టు నీడలోకి తోసుకున్నాడు. అక్కడే గుండె ఆగిపోయింది.

పదో రోజు కాగానే అస్థికలు ఆ కారులోనే కళింగపట్నం సముద్రానికి తీసుకెళ్లాలని మావ భార్య అప్పలనర్సమ్మత్త పట్టుబట్టింది. అందుకని కూతురు ప్రశాంతి దాన్ని తాడు కట్టించి నా షెడ్డుకి లాక్కొచ్చింది.

"ఎక్కడ కారతందో సూడు బావా. నాన్నే మర్సిపోనాడో, బండే కార్సీసిందో తేలిపోతాది," అంది.

"కారితే రాకర్ కవర్ దగ్గిరే కారతాది. పాత బండి కదా," అన్నాను. బానెట్ కూడా ఎత్తకుండా అన్నాను.

లీకు పట్టడం నాకు నేర్పింది మావే. లీకుని ఆయన లీకు అనేవాడు కాదు, "ఇంజిన్‌కి సెమట పట్టిందిరా ఫణీంద్రా," అనేవాడు. నూనె పుట్టిన చోట నిలవదు, కిందికి జారుతుంది, గాలికి వెనక్కి పాకుతుంది. అందుకని ముందు ఇంజినంతా డీజిలుతో కడిగి తుడవాలి. ఆరాక పౌడరు చల్లి పావుగంట నడపాలి. తెల్లటి పౌడరు మీద మొదటి తడి గీత ఎక్కడ పడితే జబ్బు అక్కడ. అంతా అయ్యాక మావ అరచెయ్యి ఆనించి మరీ చూసుకునేవాడు. ఆయన కుడిచేతి చూపుడు వేలు సగమే ఉండేది. మిగతా సగం చిన్నప్పుడు ఊళ్లో చెరకు గానుగలో పోయింది.

నా పౌడరు డబ్బా ఖాళీగా ఉంది. ఆ మాట చెప్తే ప్రశాంతి ఇంటికెళ్లి గిన్నెడు బియ్యప్పిండి తెచ్చింది.

"నాన్న కోసం జల్లించిన పిండే. మిగిలిపోతే అమ్మ ఇచ్చింది."

నా చేతిలో గిన్నె బరువెక్కింది. మా వాళ్లలో ఎవరైనా పోతే వాళ్లు పడుకున్న చోట దీపం పెట్టి, పక్కన పిండి పరిచి, మీద బుట్ట బోర్లిస్తారు. పొద్దున్నే తీసి ఏ గుర్తు పడిందో చూస్తారు. మనిషి ఒకసారి ఇంటికొచ్చి వెళ్లాడని తృప్తి.

"మూడు రాత్రులు పరిసినాం బావా. సీమ కాలు కూడా పడలేదు. ఇంటికే రాలేదని అమ్మ ఒకటే ఏడుపు," అని చెప్పి, వాళ్లమ్మని తీసుకొస్తానని వెళ్లింది.

ఇంజిన్ కడిగి తుడిచి, కొత్త ఆయిల్ పోశాను. పిండి ఎగరకుండా ఫ్యాను ఆపి, షట్టరు సగం దించాను. ఇంజిన్ తలమీద మూతలాగా ఉండే రాకర్ కవరు చుట్టూ పిండి చల్లాను, ముందువైపు చల్లాను, వెనక చల్లాను. ఫిల్టరు పక్కగా, కింద ఉంటుంది. అక్కడ చల్లలేదు. చల్లాలని తెలుసు, చెయ్యి అటు పోలేదు. గిన్నె పక్కన పెట్టి ఇంజిన్ స్టార్ట్ చేసి, చేతులు కడుక్కోవడానికి మూలనున్న కుళాయి దగ్గరికి వెళ్లాను.

రైల్వే వర్క్‌షాపు మధ్యాహ్నం సైరను కూసింది. అది ఆగుతూండగా నా వెనక కారు స్ప్రింగులు కిర్రుమన్నాయి. తిరిగి చూస్తే కారు ముందు భాగం కొంచెం కుంగి ఉంది. బానెట్ కింద ఎవరైనా వంగి చెయ్యి ఆనిస్తే ఎంత కుంగుతుందో అంత.

"కౌన్ హై దాదా?" అన్నాను, ఎవరో వచ్చారనుకుని. షట్టరు కింద కాళ్లేవీ లేవు. కారు మెల్లగా పైకి లేచింది.

 కారు దగ్గరికి వెళ్లాను. రాకర్ కవరు మీద పిండి ఇప్పుడే వేసిన ముగ్గులా పొడిగా ఉంది. గిన్నెలో పిండి మధ్యన గుంట పడి ఉంది. కింద, నేను చిటికెడు పిండి కూడా చల్లని ఫిల్టరు మీద, తెల్లటి అరచెయ్యి అచ్చు. బొటనవేలు, సగం వేలు, మూడు నిండు వేళ్లు. నేను చూస్తూండగానే ఆ అరచేతి నడుమ తడి గీత పుట్టి కిందికి పాకింది.

ఇంజిన్ ఆపి ఫిల్టరు విప్పాను. లోపల నూనె కారకుండా పట్టి ఉంచే రబ్బరు రింగులు రెండున్నాయి. ఉండాల్సింది ఒక్కటే. పాత ఫిల్టరు తీసినప్పుడు దాని రింగు ఇంజిన్‌కే అతుక్కుపోయింది. నేను చూసుకోకుండా దానిమీదే కొత్తది బిగించేశాను. రెండు రింగులూ ఊళ్లో తిరిగినంత సేపూ ఓర్చుకున్నాయి. హైవే మీద వత్తిడికి పక్కకి జరిగాయి, నూనె బయటికి తన్నేసింది. ఆ రోజు ఒక్కసారి చెయ్యి పెట్టి తడిమి ఉంటే తెలిసిపోయేది. నాకు తొందర.

అంటే మావ నూనె చూసుకునే బయల్దేరాడు. మావని నేనే చంపాను, పైగా చచ్చాక తప్పు ఆయన మీద వేశాను.

షట్టరు పైకి లేచిన చప్పుడైంది. పాత రింగు జేబులో వేసుకున్నాను. అంత తెలిశాక కూడా నా చెయ్యి చేసిన పని అదీ. ప్రశాంతీ, అత్తా లోపలికొచ్చారు.

"రాకర్ కవరేనా బావా?"

"ఊఁ," అన్నాను. విప్పిన ఫిల్టరు మీది అచ్చు తుడిచేద్దామని గుడ్డపీలిక తీసుకుని వాళ్లకి వీపు తిప్పాను.

 ప్రశాంతి గొంతు సన్నగా వినిపించింది. "బావా, నీ సొక్కా ఈపు మీద ఏటది?"

అత్త దగ్గరికొచ్చింది. నా వీపు మీద ఆమె వేళ్లు ఒక్కొక్కటీ ఆనడం తెలుస్తోంది. బొటనవేలు దగ్గర మొదలుపెట్టి, రెండో వేలు దగ్గర ఆగిపోయింది.

"సగమే ఉంది," అంది.

నాకు ఏడుపొచ్చింది. రింగు జేబులోంచి తీసి ఆమె చేతిలో పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. చావింట్లో ఆ మాట ఎందుకన్నానో కూడా చెప్పాను. అత్త నా మొహం చూడలేదు. ఫిల్టరు అందుకుని, దానిమీది అచ్చుకి తన అరచెయ్యి ఆనించి అలాగే నిలబడింది.

"ఇంటికి రాలేదని ఏడిసినాను. డ్యూటీకొచ్చినాడు," అంది.

"నన్ను తిట్టత్తా."

"తిట్టీసి ఒగ్గేస్తే నీకు బాగుంటాది. రేపు పదో రోజు. సావింట్లో నీ మాట ఇన్నోళ్లందరూ వస్తారు. ఆళ్ల ముందర నిలబడి ఇదే సెప్పు." రింగు తిరిగి నా చేతిలో పెట్టింది. "ఆ సొక్కా ఉతక్కు. అదే ఏసుకురా."

వాళ్లు వెళ్లాక ఇంకో కొత్త ఫిల్టరు ఒక్క రింగుతో బిగించాను. పావుగంట నడిపి అరచెయ్యి ఆనించి చూశాను. సెమట లేదు.

సాయంత్రం ఇంటికి ఆటోలో వెళ్లాను. దారి పొడుగునా సీటుకి వీపు ఆనకుండా ముందుకి వంగి కూర్చున్నాను.