ఆరు సెకన్ల ఖాళీ

తారి మూడో వరుసలో కూర్చుంది. కొడుకు బలరాం ఆమెను అక్కడ కూర్చోబెట్టి, తను మాత్రం తిన్నగా నా సౌండ్ బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అతను ఎందుకొచ్చాడో నాకు తెలుసు.

పోయిన వారం భూపాలపల్లిలో ఇదే డాన్సు ప్రదర్శనను బలరాం చూశాడు. అక్కడి బొగ్గు గనిలో అతనిది కాంట్రాక్టు పని. చప్పట్లు అయిపోగానే వచ్చి, "అన్నా, మా యాడి గొంతు నీ డబ్బాలల్లకు ఎట్ల వచ్చింది?" అని అడిగాడు. యాడి అంటే వాళ్ల లంబాడీ భాషలో అమ్మ. నేను, ఆ డాన్సు ఆడిన సంగీత వైపు చూశాను. ఆమె నేల వైపు చూసింది.

"మానుకోటల ఆడేలోపు యాడికి నువ్వే చెప్పు చెల్లె. లేకుంటే నేనే తోల్కొచ్చి వినిపిస్త" అని గడువు పెట్టి వెళ్లిపోయాడు. ఇదిగో, ఇవాళ మానుకోట. కొత్తవాళ్లు మహబూబాబాద్ అంటారు. మధ్యాహ్నం మూడు గంటలకు, రెండు వందల కుర్చీల హాల్లో, అన్న మాట ప్రకారం తల్లిని తీసుకొచ్చాడు.

సంగీతది గంగారం దగ్గర తండా. డాన్సు నేర్చుకోవడానికి పద్దెనిమిదో ఏట హైదరాబాద్, అక్కణ్నుంచి బెంగళూరు వెళ్లింది. గజ్జెలు కట్టదు, పట్టుచీర కట్టదు, దేవుడి కథ ఆడదు. ఆమె ఆడేది తండాలో ఎవరికీ అర్థం కాలేదు, మొదట్లో నాకూ కాలేదు. నేను జనగామలో ఫ్లెక్సీల దుకాణం పైన చిన్న స్టూడియో పెట్టుకుని, బరాత్‌లకు డీజే పాటలు కలుపుకుంటూ బతికేవాణ్ని. మూడేళ్ల కింద ఆమె వచ్చి ఫోన్‌లో ఒక రికార్డింగు వినిపించింది. ఎవరో పెద్దావిడ ఏడుస్తోంది. ఏడుపే పాటలాగా సాగుతోంది. ఒక చరణం అయ్యాక ఆరు సెకన్లు ఏమీ లేదు. మళ్లీ ఏడుపు, మళ్లీ ఆరు సెకన్లు. అలా నాలుగు సార్లు.

"ఎవరిది?" అన్నాను.

"మా పెద్దమ్మది. అమ్మ పోయిన దినం నా మెడ పట్టుకొని ఏడ్చింది. నా నడుముల ఫోన్ ఉండె."

"ఆమెకు ఎరుకేనా?"

"తర్వాత చెప్త."

ఆ తర్వాత అనేది మూడేళ్లయినా రాలేదు. ఖాళీ కనిపిస్తే సంగీతం చేసేవాడి చెయ్యి ఊరుకోదు. నాలుగు ఖాళీల్లోనూ నేను వయొలిన్ వాయించి నింపాను. సంగీత ఆ వయొలిన్ మీదే అడుగులు కట్టుకుంది. పుణె, కొచ్చి, బెంగళూరు, ఎక్కడ ఆడినా జనం లేచి నిలబడ్డారు. 'ఈ వయొలిన్ మౌనానికి మాటలు నేర్పింది' అని ఒక విలేకరి రాశాడు. ఆ కాగితం ముక్క నా పర్సులో ఉంది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, రోజూ ఒకసారి చూసుకుంటాను.

ఇవాళ్టి ప్రదర్శన మామూలుది కాదు. ఢిల్లీలో పెద్ద నాట్యోత్సవం వాళ్లు, జనం ముందు ఆడిన పూర్తి వీడియోను ఎక్కడా కోయకుండా సోమవారానికల్లా పంపమన్నారు. ఎంపికైతే ఏడాది పాటు దేశాలు తిరగడమే. భూపాలపల్లిలో తీసింది మధ్యలో కరెంటు పోయి పాడైంది. ఇక మిగిలింది ఇదొక్కటే. కెమెరా నా పక్కనే స్టాండు మీద ఉంది, దాని ఎర్ర లైటు వెలుగుతోంది.

తెర లేవడానికి పది నిమిషాల ముందు వెనక గదిలోకి వెళ్లి సంగీతను నిలదీశాను.

"చెప్పినవా లేదా?"

"రెండుసార్లు తండాకు పోయిన. రొట్టె చేసి పెట్టింది. తిని వచ్చిన."

"నీకేమన్న బుద్ధుందా?"

"ఉంటే ఆ దినం ఫోన్ పట్టుకుంటనా అన్నా?" ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నాకు ఢిల్లీ గావాలె. పెద్దమ్మ గూడ గావాలె. అమ్మ లేదు నాకు. ఆమె ముఖం తిప్పుకుంటే ఇగ ఎవ్వల్లేరు. ఆమె లేసి నిలబడితే గొంతు బంద్ చెయ్యి. ఒట్టి వయొలిన్ మీద ఆడత."

సరేనన్నాను. ఇంకేం అంటాను?

తెర లేచింది. తారి గొంతు హాలంతా నిండింది. మూడో వరుసలో ఆమె తల ఎత్తింది. స్టేజీ వైపు కాదు, పైకి, స్పీకర్ల వైపు. చెయ్యి తన గొంతు మీదికి వెళ్లింది. నా వేలు ఆ గొంతును తగ్గించే మీట మీద ఉంది. చరణం అయిపోయి వయొలిన్ మొదలైంది.

"గీ ఫిడేలు ఎవలు పెట్టిండ్రు?" బలరాం గొంతు తగ్గించి అడిగాడు.

"నేనే. అక్కడ ఖాళీ ఉండె గదా."

"ఖాళీ గాదన్నా." అతనికి నా మీద కోపం కంటే జాలి ఎక్కువున్నట్టుంది. "మా ఆడోళ్లు మెడలు పట్టుకొని ఏడుస్తరు. ఒకామె ఏడ్చి ఆగుతది. రెండో ఆమె ఏడ్చి జవాబియ్యాలె. గా జాగ సంగీతది."

"మరి ఆమె ఎందుకు ఏడ్వలే?"

"తల్లి పోయిన దుఃఖానికి పిల్ల నోరు పడిపోయిందన్నది మా యాడి. మూడేండ్ల సంది అడిగినోళ్లందరికి గదే చెప్తది. పిల్లను ఒక్క మాట అననియ్యలే. ఇప్పుడు ఆమెకు ఎరుకైతది, రికార్డు చేసుకుంట నోరు మూసుకున్నదని."

రెండో చరణం నడుస్తోంది. తారి లేచి నిలబడింది. స్టేజీ మీద నుంచి సంగీత ఆమెను చూసింది, వెంటనే నన్ను చూసింది. ఆ చూపులో ఉన్నది ఆజ్ఞే. గొంతు బంద్ చెయ్యి.

నేను చెయ్యలేదు. పక్క మీట పట్టుకున్నాను, నా వయొలిన్‌ది. ఎంత ముద్దుగా వాయించాను దాన్ని! ఎన్ని ఊళ్లలో దానికి పొంగిపోయాను! ఒక పిల్ల తల్లి కోసం ఏడవాల్సిన చోట కూర్చుని నేను రాగాలు తీశాను. నా మీద నాకే అసహ్యం వేసింది. మీటను కిందికి లాగేశాను.

రెండో ఖాళీ వచ్చింది. ఏమీ వినపడలేదు. వయొలిన్ కోసం లేచిన సంగీత చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. ఆరు సెకన్లు ఎంత పొడుగో నాకు అప్పుడే తెలిసింది. తారి వరుస దాటి నడవలోకి వచ్చింది. మూడో చరణం, మళ్లీ ఖాళీ. సంగీత అడుగులు ఆగిపోయాయి. ఇక అది డాన్సు కాదని హాల్లో అందరికీ తెలిసిపోయింది. తారి మెట్లెక్కుతోంది.

నాలుగో చరణం మొదలైంది. "ఏమంటున్నది?" అని బలరాంను అడిగాను. ఆ పాటతో మూడేళ్లు బతికి, ఆ ప్రశ్న మొదటిసారి అడిగాను.

"చిన్నప్పుడు నా కొంగు పట్టుకొని ఎనుక నడిచేది నీ తల్లి, ఇయ్యాల నాకంటె ముందుగాల నడిచిపాయె. నువ్వన్న పలుకు బిడ్డా, అంటున్నది."

స్పీకర్లలో తారి ఆగింది. స్టేజీ మీద తారి సంగీత ఎదురుగా నిలబడి ఉంది. సంగీత నోరు తెరిచింది. గొంతు రాలేదు. రెండోసారి ప్రయత్నిస్తే "యాడీ" అన్న ఒక్క మాట వచ్చింది.

తారి ఆమెను దగ్గరికి తీసుకోలేదు. ముందు చెయ్యి చాచి సంగీత నడుము తడిమింది. కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, వీపు వెనక కూడా తడిమి చూసింది. సంగీత ఏమీ దాచలేదన్నట్టు రెండు చేతులూ పైకెత్తి నిలబడింది, కన్నీళ్లు మాత్రం ధారగా కారుతున్నాయి. ఫోన్ లేదని రూఢి చేసుకున్నాక తారి రెండు చేతులూ ఆమె మెడ చుట్టూ వేసి, మొదటి చరణం ఎత్తుకుంది.

బలరాం నా వైపు తిరిగాడు. అతనేమీ అనకముందే నేను కెమెరా ఆపేశాను. ఎర్ర లైటు ఆరిపోయింది.

తారి ఏడ్చి ఆగింది. ఈసారి సంగీత జవాబిచ్చింది.