పోలరాజు ముట్టని మజ్జిగ

పోలరాజుకి రెండు విషయాల్లో మహా పట్టుదల. సముద్రపు చేప తిన్న నోటితో ఏటి చేప తినకూడదన్నది ఒకటి. సంబంధం ఖాయమయ్యేదాకా పిల్ల ఇంట్లో చెయ్యి కడగకూడదన్నది రెండోది. మొదటిది ఆయన సొంత పైత్యం. రెండోది మాత్రం చేపలు పట్టుకుని బతికే వాళ్ళందరూ, సముద్రం మీదవాళ్ళయినా ఏటివాళ్ళయినా, పాటించేదే. మగపెళ్ళివారు పిల్లని చూడొచ్చు, నాలుగు మాటలు మాట్లాడొచ్చు. ఆ ఇంట్లో మెతుకు ముట్టారా, మాట ఇచ్చేసినట్టే. మజ్జిగ తాగినా అంతే.

అందుకే ఆ శనివారం భార్యతో కలిసి పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పుల్లయ్య ఇంట్లో, పిల్ల తెచ్చి ముందు పెట్టిన మజ్జిగ గ్లాసు వంక ఆయన కన్నెత్తి కూడా చూడలేదు. "ఇప్పుడే సోడా తాగొచ్చామండీ" అన్నాడు. అబద్ధం. బస్సు దిగినప్పట్నించీ గొంతు పిడచకట్టుకుపోయి ఉంది. ఎండ నిప్పులు చెరుగుతోంది.

అసలాయన వచ్చిందే కాదనడానికి. కొడుకు పెద్దబ్బాయి, అక్కడ కొత్తగా కడుతున్న థెర్మల్ స్టేషన్లో వెల్డింగు పనికి కుదిరి ఏడాది దాటింది. మొన్న ఇంటికొచ్చినప్పుడు తల్లితో "ఫెర్రీలో ఓ పిల్లుంది, ఓసారి చూసి రండి" అన్నాడు. తండ్రికి మాత్రం ఎందుకో ఏమిటో చెప్పలేదు. పోలరాజు మనసులో ఉన్నది చెల్లెలు రత్తమ్మ కూతురు. రత్తమ్మకి ఆయన మాట ఇవ్వలేదు. ఇవ్వలేదు గానీ, ఆవిడ "అన్నయ్యా, నా పిల్ల నీ ఇంటి కోడలే" అన్నప్పుడల్లా కాదనీ అనలేదు. మెతుకు ముట్టకుండా అంత జాగ్రత్తపడే మనిషి, మాట దగ్గర మాత్రం అలా నీళ్ళు నమిలేవాడు.

వెళ్ళి చూద్దాం, ఏదో ఒక వంక పెడదాం, వచ్చేద్దాం అనుకున్నాడు. తీరా చూస్తే పుల్లయ్య కూతురు తిరపతమ్మకి వంక పెట్టడానికేం దొరకలేదు. అడిగినదానికి తలెత్తి జవాబు చెప్పింది. చివరికి "మేం సముద్రం మీదోళ్ళం, మీరేమో ఏటోళ్ళు, ఆలోచించుకుని కబురు చేస్తాం" అని లేచాడు. పుల్లయ్య ముఖం వాడిపోయింది. అయినా చుట్టంలాగే వీధి చివరిదాకా వచ్చి సాగనంపాడు.

మలుపు తిరిగారో లేదో పోలరాజు కడుపు పట్టుకున్నాడు.

"ఏమే, ఎక్కడన్నా ఇంత అన్నం దొరుకుద్దేమో చూడు. కళ్ళు తిరుగుతున్నాయ్."

"నాకు శనివారం ఒక్కపొద్దు కదయ్యా. నువ్వు తిను. అదుగో, గట్టు మీద పూటకూళ్ళ ఇల్లుంది" అంది భార్య నాంచారమ్మ. ఆవిడకి ఈ ఊళ్ళో పూటకూళ్ళ ఇల్లు ఎక్కడుందో ఎలా తెలుసని అప్పుడాయనకి తట్టలేదు. ఆకలి రుచెరగదంటారు. అనుమానాన్నీ ఎరగదు.

ఏటి గట్టు మీద తాటాకు పందిరి. కింద బల్లలు, బల్లల మీద అరిటాకులు. థెర్మల్ పనివాళ్ళు మూకుమ్మడిగా వచ్చి తింటున్నారు. ఇల్లు నడిపే దానమ్మ అందరినీ "అన్నా, కూర వెయ్యనా", "తమ్ముడూ, జరుగు" అంటూ చకచకా తిరుగుతోంది. పోలరాజుని చూడగానే మాత్రం కొంగు సర్దుకుని, మూలబల్ల తుడిచి చూపించింది.

"ఇలా కూర్చోండి బావగారూ."

పోలరాజు తెల్లబోయాడు. ముక్కూ మొహం తెలియని మనిషిని బావంటుందేమిటి? ఈ ఊరి మర్యాద ఇలాగే ఏడిసిందేమో అనుకుని కూర్చున్నాడు. వేడన్నం మీద మామిడికాయ వేసిన బొమ్మిడాయిల పులుసు పడింది. ఏటి చేప. వద్దందామని నోరు తెరిచాడు గానీ, ఈలోగా చెయ్యి ముద్ద కలిపి నోట్లో పెట్టేసింది.

ముక్క నోట్లో వెన్నలా విడిపోయింది. పులుపూ కారం తూచి వేసినట్టు సరిపోయాయి. బందరులో తాతలనాటి నుంచీ చేపలు వండే ఇంట్లో పుట్టిన మనిషికి, ఇన్నాళ్ళూ తను తిన్నది పులుసేనా అని సందేహం వచ్చింది. మారడిగాడు. మళ్ళీ మారడిగాడు. పక్కనున్నవాళ్ళు వింటారన్న సిగ్గు కూడా లేకుండా "ఈ చెయ్యెవరిదో గానీ, మహా గొప్ప చెయ్యండీ" అన్నాడు.

దానమ్మ ముఖం విప్పారింది. నాంచారమ్మ గబుక్కున ఏటి వైపు తిరిగింది.

"మీ పెద్దబ్బాయి కూడా ఇదే మాటన్నాడు బావగారూ. వచ్చిన కొత్తల్లో, ఈ బల్ల దగ్గరే కూర్చుని."

పోలరాజు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మావాడు ఇక్కడికొస్తాడా?"

"ఏడాది బట్టీ రెండు పూటలా ఇక్కడేగా."

ఇంకేదో అడగబోయేలోగా లోపలి నుంచి అన్నం గిన్నె పట్టుకుని తిరపతమ్మ వచ్చింది. పట్టుచీర తీసేసి నేతచీర కట్టుకుంది. జడలో పెళ్ళిచూపుల పూలు మాత్రం అలాగే ఉన్నాయి. ఆయన్ని చూసి గడపలోనే ఆగిపోయింది.

"మా అన్నయ్య కూతురండీ" అంది దానమ్మ. "వంటంతా దానిదే. తెల్లారకముందే పులుసు దించి, చీర మార్చుకుని మీ ముందు కూర్చుంది. మీరు తిన్నది దాని చేతి కూడే. ఇంకేం, మాట అయిపోయినట్టే కదా!"

పోలరాజు కుడితిలో పడ్డ ఎలుకలా అయిపోయాడు. తిన్నది పిల్ల ఇంట్లో కాదు. కానీ పిల్ల చేతిది. చేతిది లెక్కా, ఇల్లు లెక్కా? ఇది హోటలు కదా, హోటల్లో తింటే ఎలా లెక్కవుతుంది? పోనీ లెక్కేననుకుంటే, పెద్దబ్బాయి ఏడాదిగా తింటున్నాడే, వాడెప్పుడో మాట ఇచ్చేసినట్టా? అలాగైతే తను చూసి కాదనడానికి వచ్చింది దేన్ని? ఈ ఆచారం చెప్పిన పెద్దవాళ్ళెవరూ పూటకూళ్ళింటి సంగతి చెప్పి చావలేదు. పెళ్ళాం వైపు చూస్తే, ఆవిడ అవతలి ఒడ్డు తప్ప ఇంకేమీ కనపడనట్టు నిలబడి ఉంది. ఇదంతా ఆవిడ పన్నాగమేనని అప్పుడు అర్థమైంది. కోపం ముంచుకొచ్చింది. చెయ్యి కడిగి, జేబులోంచి డబ్బు తీసి బల్ల మీద పెట్టాడు.

"బావగారి దగ్గర డబ్బా? చాల్లెండి" అని దానమ్మ వెనక్కి తోసింది.

"పుచ్చుకో అత్తా" అంది తిరపతమ్మ.

గిన్నె కింద పెట్టి, తనే ముందుకొచ్చి ఆ డబ్బు తీసి దానమ్మ గల్లాపెట్టెలో వేసింది. పోలరాజు వైపు తిరిగింది.

"మీరు ఇక్కడికొస్తారని నాకు తెలవదండీ. మీరు హోటల్లో కొనుక్కుని తిన్నారు. మీ అబ్బాయిగారు కూడా ఏ పూటకాపూట కొనుక్కునే తిన్నారు. ఎవరూ ఎవరికీ మాటివ్వలా. ఇలా మాయ చేసి తెచ్చుకునే సంబంధం నాకొద్దు. మీరు నిశ్చింతగా వెళ్ళండి."

గిన్నె తీసుకుని పనివాళ్ళకి వడ్డించడానికి వెళ్ళిపోయింది. దానమ్మ తల దించుకుంది.

పోలరాజు గట్టు మీదకొచ్చాడు. కావలసింది అయింది. పిల్లే స్వయంగా ముడి విప్పి చేతిలో పెట్టింది. ఇంక బస్సెక్కడమే. అయితే కాళ్ళు బస్సు వైపు కదల్లేదు. తప్పించుకోవాలని పొద్దుట్నించీ చూసిన మనిషికి, దారి చూపిస్తే తప్పించుకోబుద్ధి కాలేదు. తన మీద తనకే సిగ్గేసింది. ఆ పిల్ల మూడు ముక్కల్లో తేల్చి చెప్పిన మాట లాంటిది, రత్తమ్మకి తను ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేకపోయాడు.

"నన్ను తిట్టయ్యా. ఊరుకోమాకు" అంది నాంచారమ్మ. "నీకు చెబితే ఆ గడప తొక్కవు. వాడేమో ఆ పిల్ల తప్ప వద్దన్నాడు. అందుకే దానమ్మకి ముందే కబురు పెట్టి తీసుకొచ్చా. తప్పే."

ఆయన తిట్టలేదు. వెనక్కి తిరిగి పుల్లయ్య ఇంటి వైపు నడిచాడు.

పుల్లయ్య అరుగు మీద వల ముందేసుకుని కూర్చున్నాడు గానీ, దాని కన్ను ఒక్కటీ అల్లలేదు. వీళ్ళని చూసి కంగారుగా లేచాడు.

"ఏమన్నా మర్చిపోయారాండీ?"

"మజ్జిగ" అన్నాడు పోలరాజు. "ఇందాక తాగలేదు."

పుల్లయ్యకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్ళు తుడుచుకుంటూ లోపలికి పరుగెత్తాడు.

"మరి రత్తమ్మకేం చెబుతావయ్యా?" అంది నాంచారమ్మ మెల్లిగా.

"తెలవదే. కానీ ఈసారి నేనే వెళ్ళి, నోటితో చెప్పాలి."

ఏడుస్తుందో, తిడుతుందో, జన్మలో మాట్లాడదో. అంతలో పుల్లయ్య గ్లాసు తెచ్చి అందించాడు. పోలరాజు దాన్ని రెండు చేతులతో పట్టుకుని, చుక్క మిగలకుండా తాగాడు.