కొండ్రేవుపాడు స్టేషన్లో కొత్త గది

చిన్నయ్యను కొట్టింది పట్టపగలు. మామిడితోటలో ముప్పై మంది కూలీలు చూస్తుండగా చెట్టుకు కట్టేసి కొట్టారు. అతను చేసిన నేరమల్లా పది రాలుకాయలు తువ్వాల్లో మూట కట్టుకోవడం.

రాలిన కాయ కూలివాడిది. రెడ్డిగూడెం చుట్టుపక్కల ఏ తోటకు వెళ్ళి అడిగినా ఇదే చెబుతారు. కోసిన కాయ సావుకారుది, గాలికి రాలి పగిలిన కాయ కోతవాళ్ళది. తాతల నాటి నుంచీ వస్తున్న హక్కు అది. ఎనభై ఎనిమిది వేసవిలో ఆ తోట కౌలుకు తీసుకున్న గోపాలకృష్ణ ఆ హక్కుకు ఎసరు పెట్టాడు. పచ్చళ్ళవాళ్ళు రాలుకాయలకు కూడా బేరం పెట్టారట. నూజివీడు బజార్లో రెండు మండీలున్న పెద్దమనిషికి కూలివాళ్ళ పప్పులో పడే పుల్లకాయ మీద కూడా కన్ను పడింది.

ఆ పూట నాగేంద్రమ్మ చిన్నరసం చెట్టు కింద మొగుడు చిన్నయ్యతో కలిసి గోనె పట్టుకుని ఉంది. పైన కొమ్మల్లోంచి మేస్త్రీ వీరయ్య కాయ తుంచి వదులుతుంటే, కింద చెరో కొస పట్టుకున్న ఆలుమగలు దెబ్బ తగలకుండా అందుకుంటున్నారు. చిన్నయ్యకు చిన్నతనంలోనే జ్వరం తగిలి ఎడమకాలు చచ్చుబడింది. అతను చెట్టెక్కగా చూసినవాళ్ళు ఆ ఊళ్ళో ఒక్కరూ లేరు.

పైఆఫీసర్లకు పంపడానికి పళ్ళబుట్టల కోసం ఎస్సై నారాయణరావు జీపేసుకుని వచ్చాడు. సావుకారు గోపాలకృష్ణ అతని చెవిలో ఏదో అన్నాడు.

"ఆ తువ్వాల్లో ఏంట్రా?" అన్నాడు ఎస్సై.

"రాలుకాయలండీ. ఎప్పుడూ మేం తీసుకునేయ్యేనండీ."

"నాకు రూల్సు చెప్తున్నావట్రా, కుంటి నాకొడకా!"

ఆ తర్వాత మాటల్లేవు, లాఠీయే. కాళ్ళ మీద పడిన నాగేంద్రమ్మను బూటుకాలితో నెట్టేశాడు. చిన్నయ్య నోట్లోంచి నెత్తురు వచ్చాకే ఆపాడు. వీరయ్య మాత్రం జీపు తోట దాటేదాకా చెట్టు దిగలేదు.

మూడో రోజు బెజవాడ పెద్దాసుపత్రిలో చిన్నయ్య పోయాడు. చెట్టు మీద నుంచి జారిపడి చనిపోయాడని కొండ్రేవుపాడు స్టేషన్లో రాసేశారు. కుంటివాడు అంత చెట్టు ఎలా ఎక్కాడన్న అనుమానం రాసినవాడికి రాలేదు. ఆ కాగితం కింద సాక్షిగా వీరయ్య వేలిముద్ర ఉంది. వీరయ్య చిన్నయ్యకు సొంత అన్న. తమ్ముడి చావు మీద అబద్ధానికి అన్నే ముద్ర వేశాడు. ఆ రోజు నుంచి నాగేంద్రమ్మ అతని గడప తొక్కలేదు.

కూలీలు ఊరుకున్నారా? నాలుగు రోజులు కోత ఆపారు. మామిడి లారీలను రోడ్డు మీదే నిలబెట్టారు. కూలి సంఘంలో తిరిగే సువర్ణరాజు, చిన్నయ్య వాళ్ళ పేట కుర్రాడే, బి.ఏ. చదువుతున్నాడు, డిమాండ్ల కాగితం రాశాడు. ఎస్సైని అరెస్టు చేయాలి. హత్య కేసు పెట్టాలి. రాలుకాయ మీద హక్కు మాకే ఉండాలి. చివర్లో, రాయకపోతే బాగుండదన్నట్టు, బాధితులకు ప్రభుత్వం సాయం చేయాలని కూడా రాశాడు.

మొదటి మూడూ బుట్టదాఖలయ్యాయి. నాలుగోది మాత్రం సర్కారుకు తెగ నచ్చింది. నేరాల్లో దెబ్బతిన్నవాళ్ళ కోసం ఢిల్లీలో తయారైన స్కీము ఒకటి ఎప్పటి నుంచో బీరువాలో మూలుగుతోందట. గొడవ జరిగిన చోటు కాబట్టి జిల్లాలో మొదటి కేంద్రం కొండ్రేవుపాడుకే ఇచ్చారు. గ్రాంటు ఎవరి చేతికొచ్చింది? పోలీసుల చేతికి. కేంద్రం ఎక్కడ పెట్టారు? పోలీస్ స్టేషన్లో, లాకప్పు పక్కన. చంపినవాడి పంచలో కూర్చుని చచ్చినవాడి కోసం ఏడవమన్నారు!

గదికి నీలం రంగు వేశారు. ఫ్యాను బిగించారు. రేకు కుర్చీలు, ఒక మంచం, గుమ్మానికి పూలకర్టెను వచ్చాయి. పైన 'నేర బాధితుల సహాయ కేంద్రం' అని బోర్డు పెట్టారు. దానికి గౌరవ అధ్యక్షురాలు హైమవతి గారు. ఆవిడ ఎవరో కాదు, గోపాలకృష్ణ భార్య.

ఒక శుక్రవారం పొద్దున నాగేంద్రమ్మకు కబురొచ్చింది. వెళితే హైమవతి గారు కుర్చీ చూపించి, గాజుగ్లాసులో టీ ఇప్పించింది.

"నువ్వు పడ్డ కష్టం తల్చుకుంటే నాకు నిద్ర పట్టట్లేదమ్మా. నీకు కుట్టుమిషను శాంక్షనయింది. ఇదిగో, ఇక్కడ ముద్ర వెయ్యి."

"ఏం రాశారో చదివించండమ్మా."

రైటర్ గొంతు సవరించుకుని చదివాడు. గుర్తు తెలియని కాయల దొంగలు తరమగా, చిన్నయ్య ప్రాణభయంతో చెట్టెక్కి, కాలుజారి పడి మరణించెను. అతని భార్య పోలీసువారి సహాయము పొంది సంతృప్తి చెందినది.

పాత అబద్ధం పనికిరాలేదన్నమాట. చెట్టు మీద నుంచి ఊరికే జారిపడితే అది నేరం కాదు. నేరం లేకపోతే బాధితురాలు లేదు. బాధితురాలు లేకపోతే రెండో విడత గ్రాంటు రాదు. అందుకని లేని దొంగల్ని పుట్టించి, చచ్చిన కుంటివాణ్ణి ఇంకోసారి చెట్టెక్కించారు.

"ఆ దొంగలు ఎవరో నాకు తెలుసండీ. రాసుకోండి," అంది నాగేంద్రమ్మ.

హైమవతి గారి మొహం మాడిపోయింది. "పేర్లెందుకమ్మా ఇప్పుడు? మళ్ళీ కోర్టులూ, తిరుగుళ్ళూ. పోయినవాడు ఎలాగూ రాడు కదా."

"మీవారి పేరు కూడా ఉందండీ అందులో. అందుకా?"

ఎస్సై కర్టెను తోసుకుని లోపలికొచ్చాడు. "సోమవారం జిల్లా నుంచి పెద్దాఫీసరు ఇన్‌స్పెక్షనుకి వస్తున్నాడే. ఆయన ముందు ముద్ర వేస్తే మిషను తీసుకుపోతావ్. లేదంటే ఆ పక్క గది కూడా మనదే," అని లాకప్పు వైపు లాఠీ చూపించాడు.

ఆదివారం చర్చి వదిలాక పేటలో అందరూ పందిట్లోనే ఆగిపోయారు. వీరయ్య వచ్చి ఓ చివర కూర్చున్నాడు. అందరికంటే ముందు నోరు విప్పింది అతనే.

"ఇచ్చేది తీసుకోండ్రా. పోలీసోళ్ళతో మనమేం గెలుస్తాం? సావుకారు కన్నెర్ర చేస్తే వచ్చే కాపుకి మనల్ని ఏ తోటలోకీ రానీడు. పిల్లలకేం పెడతారు?"

"నువ్వు ముద్రేసినప్పుడు నీకేం పెట్టారు మావా?" అని లేచింది నాగమణి. గంపలకెత్తే ఆడవాళ్ళలో చిన్నది, నోటికి అదుపు లేనిది. ఒకరిద్దరు నవ్వారు, కానీ అది నవ్వాల్సిన చోటు కాదు.

సువర్ణరాజు లేచాడు. "తప్పు నాది. సాయం చెయ్యాలని రాశాను గానీ, ఎవరి ద్వారానో రాయలేదు. మనం న్యాయం అడిగాం, వాళ్ళు కుట్టుమిషనిచ్చారు. మిషను మనకి, గది వాళ్ళకి, గ్రాంటు వాళ్ళకి, కేసు మాత్రం మట్టిలోకి. రేపు మనవాళ్ళెవరూ ఆ గడప తొక్కకూడదు. బహిష్కరిద్దాం."

చాలామంది తలలూపారు. నాగేంద్రమ్మ ఊపలేదు.

"ఆ కాగితం మొత్తం చదివావా నువ్వు? ఆ సర్కారు కాగితం?" అని అడిగింది.

"జీవోనా? చదివాను పిన్నీ."

"ఆ గదిలోకెళ్ళినోళ్ళు చెప్పింది ఏం చెయ్యాలని ఉంది అందులో?"

సువర్ణరాజు జేబులోంచి తీసి వెతికాడు. బాధితులు ఏది చెబితే అది వాళ్ళ మాటల్లోనే రిజిస్టర్లో రాయాలి. ఇన్‌స్పెక్షను చేసే అధికారి దాని నకలు కలెక్టరుకు పంపాలి. చదివిన ముక్కనే రెండోసారి చదివాడు.

"అయితే నేనొక్కదాన్నే ఎందుకు బాధితురాలిని?" అంది నాగేంద్రమ్మ. "నీ కూలి అడిగితే సావుకారు చెంప పగలగొట్టాడు కదే, నాగమణీ? కిందటేడు మీ అత్తని లాకప్పులో పెట్టి ఏం చేశారో మనకందరికీ తెలుసు కదా? బాధితులకే గదంటే, పేటంతా బాధితులమే. అందరం పోదాం. బాధితులు కావాలన్నారుగా, లెక్కకి మించి ఇద్దాం."

పందిరి ఒక్కసారిగా గొల్లున నవ్వింది. మగాళ్ళు కూడా వస్తామన్నారు. మొదట ఆడవాళ్ళే వెళ్ళాలని, మగాళ్ళు రోడ్డు మీద ఉండాలని తీర్మానం చేశారు. వీరయ్య ఎప్పుడు లేచి వెళ్ళిపోయాడో ఎవరూ చూడలేదు.

సోమవారం పది గంటలకు పెద్దాఫీసరు వచ్చాడు. దండలు వేశారు. రసాలు కోసి పళ్ళేల్లో పెట్టారు. కుట్టుమిషనుకు పసుపు రాసి, ఎర్ర రిబ్బను కట్టారు. ఫోటోగ్రాఫరును మైలవరం నుంచి పిలిపించారు.

"రామ్మా. నీకు పోలీసుల సాయం అందిందా?" అని ఆఫీసరు నవ్వుతూ అడిగాడు.

అబద్ధమెందుకు, నాగేంద్రమ్మకు భయమేసింది. ఎదురుగా మొగుణ్ణి చంపినవాడు యూనిఫారం ఇస్త్రీ చేసుకుని నిలబడి ఉన్నాడు. ఆమె రిజిస్టరు వైపు చూసింది.

"ముందు రాయమనండి బాబూ. నా మాటల్లోనే రాయమనండి. నా మొగుడు ఏనాడూ చెట్టెక్కలేదు. ఆ పూట గోనెకి ఓ కొస అతను పట్టాడు, ఇంకో కొస నేను పట్టాను. అతన్ని చెట్టుకి కట్టేసి చచ్చేదాకా కొట్టింది ఈ ఎస్సై నారాయణరావు. కొట్టమన్నది గోపాలకృష్ణ సావుకారు. రాశావా రైటర్ బాబూ?"

రైటర్ కలం ఆగిపోయింది. హైమవతి గారు పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"మొగుడు పోయాక దీనికి మతి చెడింది సార్," అన్నాడు ఎస్సై.

"అయితే మాకందరికీ చెడిందండీ!" అని గుమ్మంలోంచి నాగమణి అరిచింది. కర్టెను చిరిగి కింద పడింది. ఆమె వెనక ముప్పై ఆరుగురు ఆడవాళ్ళు బిలబిలా లోపలికొచ్చారు. "నన్ను రాసుకో!" "నా కోడల్ని రాసుకో!" "ఇదే గదిలో నా కొడుకు పళ్ళు రాలగొట్టారు, రాసుకో!" తేదీలు చెప్పారు, పేర్లు చెప్పారు. నాగమణి అత్త ఆఫీసరు ముందుకెళ్ళి జాకెట్టు చెయ్యి పైకి లాగి మచ్చలు చూపించింది. ఆయన మొహం తిప్పుకున్నాడు.

"రాయరేంటండీ? సర్కారు ఈ గది ఇచ్చింది దేనికండీ మరి?" అంది నాగేంద్రమ్మ.

ఆఫీసరు రిజిస్టరు మూయించాడు. "ఇది కుట్ర. ప్రభుత్వ కార్యక్రమానికి అడ్డంకి. అందర్నీ లోపలెయ్యండి," అని జీపెక్కాడు.

లాఠీలు లేచాయి. రిజిస్టర్లో ఒక్క అక్షరం పడలేదు గానీ ఆడవాళ్ళ వీపుల మీద మాత్రం గీతలు పడ్డాయి. లాకప్పులో పన్నెండు మందిని కుక్కేసరికి నిండిపోయింది. మిగిలినవాళ్ళను ఏం చేయాలో తోచక ఎస్సై కొత్త గదిలోనే ఉంచి బయట తాళం వేయించాడు. నాగేంద్రమ్మ కుట్టుమిషను బల్లెక్కి కిటికీ ఊచలు పట్టుకుంది.

రోడ్డు మీద మగాళ్ళు గేటు దాకా వచ్చేశారు. తోటల్లో కోత ఆగిపోయింది. కాయలు కోసే చిక్కాలు భుజాన వేసుకుని రెడ్డిగూడెం వైపు నుంచి మనుషులు వస్తూనే ఉన్నారు. సువర్ణరాజు నినాదమిచ్చాడు. అతన్ని ఇద్దరు పోలీసులు పట్టుకుని ఈడ్చారు. జనం ఒక్క అడుగు వెనక్కి వేసింది. ఆ ఒక్క అడుగు కిటికీలోంచి నాగేంద్రమ్మ చూసింది. ఇప్పుడు చెదిరితే చిన్నయ్య చెట్టు మీద నుంచి పడ్డవాడుగానే మిగిలిపోతాడు.

అప్పుడు జనంలోంచి వీరయ్య ముందుకొచ్చాడు. చేతిలో కర్ర లేదు, జెండా లేదు. గేటు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంట్రా, నీకేం కావాలి?" అన్నాడు ఎస్సై.

"నా పేరు కూడా రాసుకోండి. ఆ రోజు చెట్టు మీదున్నది నేను. మా తమ్ముడు కాదు. నేను పైనుంచి అంతా చూశాను. మీరే చంపారు. నా చేత అబద్ధం ముద్ర వేయించారు."

ఆ మాటలు గేటు దగ్గరున్న నలుగురికే వినపడ్డాయి. ఎస్సై అతని జుట్టు పట్టుకున్నాడు. "వీణ్ణి లోపలెయ్యండి!"

"లోపల చోటు లేదండీ," అన్నాడు సెంట్రీ.

కిటికీ దగ్గర నాగేంద్రమ్మ నెల రోజుల తర్వాత మొదటిసారి అతన్ని పిలిచింది. "బావా! గట్టిగా చెప్పు! వెనకోళ్ళకి వినపళ్ళేదు!"

లాఠీ భుజం మీద పడింది. వీరయ్య గేటు వదల్లేదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ఈసారి అతను ఒక్కో మాట అంటుంటే, రోడ్డు మీదున్న జనమంతా ఆ మాటే అందుకుని ఎస్సై మొహం మీద అరిచారు.