సాక్ష్యంలో సీసా

ఏబెల్ సాక్ష్యానికి బహ్రెయిన్ తెలుగు క్రైస్తవ సంఘాల్లో మంచి పేరు. మొదటిసారి చెప్పినప్పుడు రెండే ముక్కలు. "తాగుబోతును. ప్రభువు మాన్పించిండు." అంతే, కూర్చుండిపోయాడు. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. ఆ పై శుక్రవారం ఇంకో సంఘం వాళ్లు పిలిచారు. పిలిచేకొద్దీ సాక్ష్యానికి ఒళ్లొచ్చింది. నంజుకునే ఉల్లిగడ్డ చేరింది, వేయించిన పల్లీలు చేరాయి, గుక్క దిగుతుంటే కడుపులో దీపం పెట్టినట్టుండేదన్న మాట చేరింది. ఆ మాట దగ్గర మగవాళ్లు కుర్చీల్లో ముందుకు వంగేవారు.

సెలవులు శుక్ర, శనివారాలకు మారిన కొత్తలో, హమద్ టౌన్‌లో అన్ని సంఘాలూ కలిసి పెద్ద కూడిక పెట్టుకున్నాయి. మన దేశం నుంచి పేరున్న బోధకుడు వచ్చాడు. ఆయన ప్రసంగానికి ముందు ఏబెల్ సాక్ష్యమని సంఘ కాపరి సుందర్‌రాజు చెప్పి ఉంచాడు. సాక్ష్యం చెప్పేవాడు పొద్దుటి నుంచి ఉపవాసం ఉండటం వాళ్ల కట్టుబాటు. ఏబెల్ ఖాళీ కడుపుతో కంపెనీ పికప్ తీసుకుని కర్జకాన్ బయల్దేరాడు. అక్కడ అరబ్బుల ఇంట్లో వంటపని చేసే జీవమ్మను ఎక్కించుకోవాలి. ఆమెది నిజామాబాద్ వైపు పల్లె. తాగి పడున్న ఏబెల్‌ను మొదట ప్రార్థనకు లాక్కొచ్చింది ఆమే.

బండిలో ఒక్కడే కదా అని గొంతెత్తి సాక్ష్యం వల్లించుకున్నాడు. దీపం మాట దగ్గర గొంతు భలే పలికింది. బాగుందనిపించి మళ్లీ అన్నాడు. నోట్లో నీళ్లూరాయి. ఇంకోసారి అన్నాడు.

బండి ఆగింది. ఎదురుగా జీవమ్మ ఉండే ఇల్లు లేదు. ఖర్జూరం తోట రేకుల గేటు ఉంది. దొంగమేత మరిగిన ఎద్దు పగ్గం వదిలితే ఎటు పోతుందో బండీ అటే పోయింది. తోట కాపలాదారు బాలన్న ఆ చెట్ల వెనకే ఖర్జూరపు గుడుంబ కాస్తాడు. ఏబెల్ ఒకప్పుడు రోజూ తాగింది అక్కడే.

"ఓహో, పాస్టరు సాబు," అన్నాడు బాలన్న. "దారి తప్పినవా, దారికొచ్చినవా?"

"ఊకెనే ఆగిన. పోతున్న."

"పోదువు తియ్యి. ఎండల వచ్చినోనికి గుక్కెడు నీళ్లియ్యకపోతే మా అవ్వ నన్నేం పెంచినట్టు?"

తెచ్చింది నీళ్లు కాదు. "తాగకురా. వాసన జూసి పో. మన ముచ్చటే గదా అందరికీ చెప్తున్నవంట. మరిచిపోతే ఎట్ల?"

పట్టుకుంటే ఏమవుతుంది, ఇంతమందిని ఏడిపించినవాణ్ని, అనుకున్నాడు ఏబెల్. పట్టుకున్నాడు. గ్లాసు అంచు పెదవికి తగిలేసరికి జేబులో ఫోను మోగింది.

"ఎత్తకు," అన్నాడు బాలన్న.

ఎడమచేత్తో ఎత్తాడు. జీవమ్మ.

"యాడున్నవ్ బిడ్డా? ఎండల నిలబడ్డ."

"టైరు..." అన్నాడు ఏబెల్. మిగతా అబద్ధం నాలుక మీద సిద్ధంగా ఉంది. అది అనేస్తే గ్లాసు ఖాళీ అవుతుంది. తర్వాత రెండు యాలకులు నమిలి, వేదికెక్కి, అందరినీ ఏడిపించి రావచ్చు. ఒక్కరికీ తెలియదు. అదెంత సులువో కనబడేసరికి భయమేసింది.

"బాలన్న తోట కాడ ఉన్న. గ్లాసు చేతులున్నది, అమ్మా."

"తాగినవా?"

"లే. మూతి కాడ ఉన్నది. ఆ వాసనకు కడుపుల ఎట్లున్నదంటే..."

"అది చెప్పకు. కింద పెట్టు. ఫోను పెట్టెయ్యకు, మాట్లాడుకుంట బండి దాంక నడువు."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. మీ ఇంట్ల బర్రె ఉండెనా?"

"ఉండె."

"తన్నేదా?"

"మా అమ్మను తప్ప అందర్ని తన్నేది." గ్లాసు అరుగు మీద పెట్టాడు. చెయ్యి దాన్ని తీరిగ్గా వదిలింది. బర్రె ఎన్ని పాలిచ్చేదో, ఎవరి చేనులో పడేదో చెబుతూ నడిచాడు.

"ఖలాస్, పిచ్చి లేసింది వీనికి," అని వెనక బాలన్న నవ్వాడు.

కర్జకాన్‌లో బండెక్కగానే జీవమ్మ అతని నోటి దగ్గరికి ముక్కు పెట్టి చూసింది.

"నీ సాక్ష్యంల సీసా పెరుగుకుంట వచ్చింది, ప్రభువు ఆఖరుకు ఒక్క ముక్కయిండు," అంది. "విన్నోళ్లు ఏడ్చి ఇంటికి పోతున్నరు. నువ్వు మాత్రం వారం వారం నోటితోని తాగుతనే ఉన్నవ్."

"మరి నాడే చెప్పకపోతివి?"

"చెప్పాల్సుండె. వినబుద్ధయింది నాకు గూడ."

హాలు కిక్కిరిసి ఉంది. పాటలయ్యాక సుందర్‌రాజు మైకులో పిలిచాడు. "మన ఏబెల్ వస్తాడు. ఈయన సాక్ష్యం వింటే రాయైనా కరుగుతుంది." బోధకుడు కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. ఏబెల్ కాళ్లు వాటంతటవే లేచాయి. మొదటి వాక్యం నోట్లోకి వచ్చేసింది, దాని వెనకే పల్లీలు, దాని వెనకే దీపం.

కూర్చున్నాడు.

"రావయ్యా, అయ్యగారు ఎదురుచూస్తున్నారు."

"ఇయ్యాల చెప్పలేను అయ్యగారూ," అన్నాడు ఏబెల్ కూర్చున్నచోటి నుంచే. "పొద్దుగాల పోయి గ్లాసు పట్టుకున్న. నాకోసం ప్రార్థన చెయ్యున్రి."

ముందు వరుసలో ఎవరో నాలుక చప్పరించారు. ఎవరో నవ్వాపుకున్నారు. సుందర్‌రాజు మైకు కిందికి దించాడు. ఏబెల్ గొంతు ఆ గుక్క కోసం ఇంకా అడుగుతూనే ఉంది. రెండు చేతులతో కుర్చీ అంచు బిగించి పట్టుకున్నాడు.