అరవై మూడో పేజీలో పుల్ల

నేను ఒక కోర్సుల పుస్తకాన్ని. విశ్వవిద్యాలయం వాళ్ళు ముద్దుగా ప్రాస్పెక్టస్ అంటారు. ప్రస్తుతం నా అట్ట ఒక పక్క ఒంగోలు బస్సు డిపోలో గుమాస్తాగా పనిచేసే కోటిలింగం చేతిలో ఉంది, ఇంకో పక్క ఇంటర్ పాసైన అతని కూతురు లహరి చేతిలో ఉంది. ఇద్దరూ లాగుతున్నారు. పొద్దున ఇడ్లీలతో మొదలైన తగాదా, ఇడ్లీలు అయిపోయి గంటయినా తెమలలేదు.

"కామర్స్ చదివినోడెవడూ చెడిపోలా. నన్ను చూడు!"

"నిన్ను చూసే నాన్నా, వద్దంటున్నా."

"సైకాలజీ అంట! ఈ ఇంట్లో ఎవరికి పిచ్చెక్కిందనీ?"

"ఇంకో రెండ్రోజులు నువ్విట్టా అరిస్తే నాకెక్కుద్ది."

మంచం మీద నుంచి కోటిలింగం తల్లి తిరుపతమ్మ అందుకుంది. "ఒరేయ్, ఆ పుస్తకం చినిగిద్ది! చినిగితే నీ కామర్సూ ఉండదు, దాని సైకాలూ ఉండదు."

ఆవిడ మాటతో నా ప్రాణం దక్కింది. నన్ను ఎవరు పట్టుకున్నా నలుగుతాననేది నాకు పుట్టినప్పటి నుంచీ అనుభవం. అచ్చు కాకముందే ఆచార్యులు నా కోసం కొట్టుకున్నారు. తమ శాఖే ముందుండాలని చరిత్ర వాళ్ళన్నారు. ముందు అంటే ఏమిటో తేలితే గదా అని తత్వశాస్త్రం వాళ్ళు అడిగారు. భౌతిక, రసాయన శాస్త్రాల వాళ్ళు అర పేజీ కోసం ఆరు వారాలు మాట్లాడుకోలేదు. తెలుగు శాఖ వాళ్ళు గడువు దాటాక పద్నాలుగు దిద్దుబాట్లు పంపారు. ఏ గొడవా పడనిది భూగర్భశాస్త్రం వాళ్ళొక్కరే. నాలుగు పేరాలు, ఒక రాయి బొమ్మ పంపి ఊరుకున్నారు. వాళ్ళకు అరవై మూడో పేజీ దక్కింది.

అలా నక్షత్రాల దూరం కొలిచే చదువు నుంచి పట్టుపురుగుల పెంపకం దాకా అన్నీ నా కడుపులోకి చేరాయి. ఇన్ని చదువులు మోస్తున్నా నాకెవరూ ఒక్క పరీక్ష కూడా పెట్టలేదు. అందుకే ఇంత ధైర్యంగా మాట్లాడుతున్నాను.

ఈ ఇంటికొచ్చి రెండు వారాలైంది. వచ్చిన రోజే కోటిలింగం కామర్స్ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు. మర్నాడు లహరి సైకాలజీ చుట్టూ పచ్చది చుట్టింది. ఆ మర్నాడు ఎర్ర సున్నా మీద ఇంకో ఎర్ర సున్నా పడింది. తిరుపతమ్మ ఏ సున్నా చుట్టలేదు. కరెంటు పోయినప్పుడల్లా నాతో విసురుకునేది. ఆవిడకు గాలి వచ్చింది, నాకు తల తిరిగింది.

నన్ను నిజంగా చదివింది ఇంకొకరు. మధ్యాహ్నం భోజనాలై అత్తగారు గురక పెడుతుంటే, కోటిలింగం భార్య మల్లేశ్వరి నన్ను వంటింట్లోకి తీసుకుపోయేది. ఎర్ర సున్నాలనూ పచ్చ సున్నాలనూ దాటి తిన్నగా అరవై మూడో పేజీకే వెళ్ళేది. ఆవిడది మార్కాపురం. తండ్రి పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చేవాడు. ఏ రాయి పొరలు పొరలుగా విడిపోతుందో, ఏది ముక్కలవుతుందో చిన్నప్పుడు ఆవిడ వేలితో కొట్టి, చప్పుడు విని చెప్పేదట. ఎందుకలా విడిపోతుందో మాత్రం చెప్పగలిగినవాళ్ళు ఆ ఫ్యాక్టరీలో ఎవరూ లేరు. ఇంటర్ అయ్యేసరికి పెళ్ళయింది, ప్రశ్న అక్కడే ఆగిపోయింది. నాలుగు పేరాలూ చదివి, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యం మీద వేలు పెట్టి ఆగేది: 'దూరవిద్య ద్వారా కూడా చదువుకోవచ్చు. వయోపరిమితి లేదు.' పోపు పెట్టిన చెయ్యి కాబట్టి అక్కడ పసుపు మరకయింది. రోజూ అక్కడే తెరిచి మోచెయ్యి ఆనించడంతో నా వెన్ను అక్కడే విరిగింది. పుస్తకానికి వెన్ను విరగడమంటే ఏమిటో పుస్తకాలకే తెలుసు. గాలి తగిలినా అక్కడే తెరుచుకుంటాం.

ఇక తగాదా సంగతి. దరఖాస్తుకు మర్నాడే ఆఖరి రోజు. తిరుపతమ్మ మంచం దిగి చీపురు కట్ట దగ్గరికి నడిచింది. ఆ ఇంట్లో తెగని ప్రతి పేచీకీ ఇదే తీర్పు. ఏదో ఒక పుస్తకం దేవుడి ముందు పెట్టి, కళ్ళు మూసుకుని కొత్త చీపురు పుల్ల దూరుస్తారు. పుల్ల పడిన చోటు దేవుడి మాట. మేడ మెట్లు ఎటు కట్టాలో కూడా ఇలాగే పంచాంగంలో పుల్ల పెట్టి తేల్చారు. ఆ మెట్లు ఇప్పుడు పక్కింటివాళ్ళ స్నానాల గది కిటికీ ఎదుట దిగుతాయి.

పుల్ల దూరింది. అరవై మూడు.

"భూగర్భశాస్త్రం," అని చదివాడు కోటిలింగం.

"అంటే ఏందిరా?"

"రాళ్ళ చదువు."

"ఆడపిల్లకి రాళ్ళేంది? చెయ్యి జారినట్టుంది. ఉండు," అని ఆవిడ మళ్ళీ పెట్టింది. అరవై మూడు. మూడోసారి దీపం వెలిగించి, చెంపలేసుకుని పెట్టింది. అరవై మూడే. ఈసారి పేజీ అడుగున ఉన్న మరక ఆవిడ కంట పడింది.

"పసుపు! ఒరేయ్, పసుపు చూడరా! అమ్మవారు వేలు పెట్టి మరీ చూపించిందిరా!"

కోటిలింగం చెప్పులు విడిచి మరీ వంగి చూశాడు. కూతురితో ఎంతసేపైనా వాదించగలడు గానీ, పైనుంచి ఆర్డరొస్తే చదవకుండా సంతకం పెట్టడం అతనికి డిపోలో అలవాటైన పని. "సరే, రాళ్ళే కానీ," అని దరఖాస్తు తీసి పెన్ను మూత విప్పాడు.

మాటకు మాట అప్పజెప్పే లహరి గోడకు జారగిలబడింది. నాన్ననైతే ఎదిరించవచ్చు, అమ్మవారిని ఎలా ఎదిరిస్తుంది? ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వంటింటి గడపలో గరిటెతో నిలబడ్డ మల్లేశ్వరి ఆ కళ్ళను చూసింది, పెన్నును చూసింది. ఆవిడ నోరు మెదపకపోతే పిల్లకు రాళ్ళు తప్పవు. మెదిపితే నలభై రెండేళ్ళ వయసులో తనకు నవ్వులు తప్పవు. దేశంలోని శాస్త్రాలన్నీ నాలో ఉన్నాయి కానీ, అలాంటప్పుడు ఏం చెయ్యాలో చెప్పే కోర్సు ఒక్కటీ లేదు.

"అత్తయ్యా, ఆ పసుపు పప్పులోది," అంది మల్లేశ్వరి.

అందరూ తిరిగి చూశారు.

"రెండు వారాల నుంచీ మధ్యాహ్నాలు ఆ పేజీ నేనే చదువుతున్నా. రోజూ ఒక్కచోటే తెరిస్తే పుస్తకం అక్కడే తెరుచుకుంటది. అమ్మవారిని ఇందులోకి లాగమాకండి."

"నువ్వా? రాళ్ళ చదువా? ఎందుకే?" అన్నాడు కోటిలింగం.

"చదువుకోడానికి."

అతను నవ్వబోయాడు గానీ తోడు నవ్వేవాళ్ళు దొరకలేదు. లహరి కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయి తల్లి వంకే చూస్తోంది. తిరుపతమ్మ పుల్లను ఒకసారి, కోడలిని ఒకసారి ఎగాదిగా చూసింది. డెబ్బై ఏళ్ళుగా నమ్మిన పుల్లను ఒక్క పూటలో వదులుకుంటుందా?

"పప్పులోదే అనుకో. ఆ పప్పు వేలిని సరిగ్గా అక్కడే పెట్టించింది ఎవరంటా?" అని మంచమెక్కి కూర్చుంది. "పుల్ల తప్పు చెప్పదురా. ఎవరి గురించి చెప్పిందో మనమే తప్పుగా అనుకున్నాం."

కోటిలింగం దరఖాస్తును మళ్ళీ ముందుకు లాక్కున్నాడు. పెన్ను చేతిలోనే ఉంది.

మల్లేశ్వరి గరిటె గోడకు తగిలించి, చెయ్యి కొంగుకు తుడుచుకుని వచ్చి దరఖాస్తు పక్కన కూర్చుంది. గొంతు పెంచలేదు.

"లహరికి సైకాలజీ అని రాయండి. రేపు దాన్ని తీసుకుని నేనే యూనివర్సిటీకి పోతా, నాకూ ఒక దరఖాస్తు తెచ్చుకుంటా. దూరవిద్యకి క్లాసులు ఆదివారాలంట. ఆదివారం వంట మీరు ముగ్గురూ చూసుకోండి."