మైలపడ్డ వెండి

మొగుళ్లపల్లి పక్క ఊళ్లో మురహరిరావు దొరకు నాణేల పిచ్చి. అందులోనూ బైజాంటిన్ రాజుల కాలపు వెండి నాణేలంటే పడిచచ్చేవాడు. వాటి మీద శిలువ, మరియమ్మ, యేసుప్రభువు ఉంటారు. మనుషుల్ని గొడ్లకన్నా హీనంగా చూసే ఆ మహానుభావుడు నాణేలను మాత్రం మఖ్మల్ గుడ్డలో పడుకోబెట్టేవాడు.

జనగామ దిక్కు నుంచి, దొరల మీద తిరగబడ్డ సంఘం దళాలు వస్తున్నాయని తెలిసి దొర పట్నం పారిపోవడానికి మూటాముల్లె సర్దాడు. నల్లబడ్డ నాణేలు తోమడానికి మాదిగవాడ యాకమ్మను పిలిపించాడు. యాకమ్మది బాప్తిస్మం తీసుకున్న కుటుంబం. వెట్టి చేయనన్నందుకు ఆమె మొగుడు పౌలును దొర గడి కొట్టంలో వేసి తాళం పెట్టాడు. తోమితే వదిలేస్తానన్నాడు.

పెరట్లో కూర్చుని చింతపండుతో తోమింది యాకమ్మ. ఆమె తోమిన ప్రతి నాణెం మీదా దాసి కొమురమ్మ పసుపునీళ్లు చల్లాకే దొర అందుకుంటున్నాడు. తను మోసుకొచ్చే కట్టెలకూ అదే మర్యాద, అందుకే యాకమ్మ పట్టించుకోలేదు. చివరి నాణెం నలుపు వదలగానే ప్రభువు ముఖం బయటపడింది. యాకమ్మ కళ్లకద్దుకుంది.

"కొమురీ, దానికి రెండుమాట్ల చల్లు. మొఖానికి పెట్టుకున్నది," అన్నాడు దొర.

యాకమ్మకు ఒళ్లు మండింది. తోమేటప్పుడు లేని ఎక్కువ మైల, మొక్కితే వచ్చిందా?

"గీయన కుష్టోళ్లను ముట్టిండు దొరా. నేను ముడితే ఖరాబైతడా?"

"నోరు లేస్తుందేందే? గాడ పెట్టి పో."

"మరి పౌలు?"

"నేను పట్నం పొయ్యి వచ్చినంక చూస్త."

పని చేయించుకుని మాట తప్పడం దొరలకు వెన్నతో పెట్టిన విద్య. యాకమ్మ పిడికిలి బిగించింది.

"నా మొగణ్ని ఇడిస్తెనే ఇస్త. లేకుంటె నువ్వే వచ్చి నా పిడికిలి ఇప్పు."

కొట్టడానికి గూండాలు లేరు. సంఘం పేరు వినగానే దొరకన్నా ముందే ఉడాయించారు. దొర తనే వచ్చి చెయ్యి చాచాడు. తాకాల్సి వచ్చేసరికి వెనక్కి లాక్కున్నాడు.

"కొమురీ, నువ్వు ఇప్పు."

"నాతోని కాదు దొరా," అంది కొమురమ్మ. ఆ గడిలో ఆమె కాదనడం అదే మొదలు.

బయట బండి కట్టి ఉంది. దొర పళ్లు నూరుతూ తాళంచెవి విసిరాడు. కొమురమ్మ వెళ్లి తలుపు తీసింది. పౌలు గోడ పట్టుకుని మెల్లగా బయటికొచ్చాడు.

యాకమ్మ మాట తప్పలేదు. నాణెం ఉన్న అరచెయ్యి చాపింది. దొర పసుపునీళ్ల కోసం చూశాడు. కొమురమ్మ అప్పటికే చెంబు జామచెట్టు మొదట్లో ఒంపేసింది.

"తీస్కో దొరా," అంది యాకమ్మ. "గింత ప్రేమ ఉన్నది గదా."

దొర తన వేళ్లు ఆమె అరచేతిలో పెట్టి నాణెం తీసుకున్నాడు.