రబ్బరు పరిచిన ఇల్లు

నేను అమ్మేది రబ్బరు. గొట్టాలు, షీట్లు, వాషర్లు, మెషిన్ల కింద వేసే దిమ్మలు. ముందు కొట్టు, వెనక గోడౌన్, పైన ఇల్లు. పిల్లలు లేరు. భార్య పోయాక పైన ఉండేది నేనొక్కణ్ణే. ఖర్చు తగ్గింది, మాటా తగ్గింది. మొదటిది లాభమని తెలుసు. రెండోది ఎందులో వేసుకోవాలో తెలియక వదిలేశాను.

ఆ అమ్మాయి మొదట దిమ్మలు కొనడానికే వచ్చింది. వారం తిరక్కుండా వాటిని వెనక్కి పట్టుకొచ్చింది. "బాబాయ్ గారూ, ఇవి పనిచెయ్యలేదు."

నా సరుకు పనిచెయ్యలేదంటే నాకు అన్నం సయించదు. ఏ మెషిన్ కిందో చూద్దామని ఆమె పరిశోధన చేసే చోటికే వెళ్లాను.

అక్కడున్న మైక్రోస్కోపు చూసేది కాదు, తడిమేది. కంటికి ఆననంత సన్నటి మొన ఉన్న సూది ఒకటి నున్నటి పలక మీద ఇటూ అటూ తిరుగుతూ ఎక్కడ ఎత్తో, ఎక్కడ పల్లమో చెబుతుంది. చీకట్లో గోడ పట్టుకుని నడిచేవాడు గదిని తెలుసుకున్నట్టు. తడిమిందంతా తెర మీద బొమ్మ అవుతుంది. ఆ సూదితోనే ఆమె బంగారు రేణువుల్ని ఒక్కొక్కటే నెట్టి వరసలో పెడుతుంది. వెంట్రుక మందంలో అవి వేలకొద్దీ పడతాయట.

"మరి అందులో బంగారం ఎంత, మజూరీ ఎంత?" అన్నాను.

"అంతా మజూరీయే బాబాయ్ గారూ!" అని నవ్వింది. అప్పటి నుంచి నా నోట ఆమె సూదమ్మాయి.

ఆమె బాధల్లా అదురు. లిఫ్టు కదిలినా, బయట లారీ పోయినా సూది ఉలిక్కిపడి వరస చెదిరిపోతోంది. తప్పు నా దిమ్మలది కాదు, ఆ భవనానిది. "మా గోడౌన్ వెనక గది చూడమ్మా" అన్నాను. ఆమె ఒక చిన్న పెట్టె తెచ్చి, నేల మీద పెట్టి అదురు కొలిచింది. మొహం వెలిగిపోయింది.

"చాలా మంచి ఇల్లు బాబాయ్ గారూ! పైన ఎవరూ లేరు కదా?"

"నేనున్నాను."

"మీరొక్కరే కదా!" అంది సంతోషంగా.

ఇంట్లో మనుషులు లేకపోవడానికి కూడా కిరాయి వస్తుందని ఆ రోజే తెలిసింది. గట్టిగా బేరమాడి గది ఇచ్చాను. ఆమె తన మైక్రోస్కోపుని అక్కడికి మార్చుకుంది.

సూది నడిపేటప్పుడు ఫోన్ చేసేది. "బాబాయ్ గారూ, కాసేపు కూర్చుంటారా?" కూర్చునేవాణ్ణి. అయిపోగానే "ఇక లేవొచ్చు" అనేది. ఒకసారి, "పొద్దున వంటింటికీ వరండాకీ తెగ తిరిగారు. ఏమన్నా పోయిందా?" అని అడిగింది. ఏమీ పోలేదన్నాను. నేను లేచానో కూర్చున్నానో తెలిసిన మనిషి ఒకరుండటం కిరాయి మీద కొసరు.

అలా ఉండగా అక్క ఫోన్ చేసింది. బావ పోయినప్పటి నుంచి ఆమె మరిది ఇంట్లో ఉంటోంది.

"ఒరేయ్, నీ ఇంట్లో నాకింత చోటుందా?"

"ఇల్లంతా చోటేగా అక్కా. అక్కడేమైనా అన్నారా?"

"అనడానికి నాతో మాట్లాడితే కదరా!"

వచ్చేసింది. లావు మనిషి, చేతిలో కర్ర. అక్క నడిస్తే అరమరలో గిన్నెలకి తెలుస్తుంది. వచ్చిన రోజే సూదమ్మాయి ఏడుపు మొహంతో పైకొచ్చింది. పొద్దుటి నుంచి పేర్చిన వరస పోయిందట. నెలాఖరుకి వరస చూపించకపోతే ఆ యంత్రం వేరేవాళ్ల చేతికి వెళ్లిపోతుందట.

"ఏమ్మా, నీ బంగారం నేను తొక్కానా?" అంది అక్క.

"తొక్కారు అత్తయ్య గారూ, పై నుంచే!"

ముగ్గురం నవ్వాం. ఆ ఇంట్లో ముగ్గురు నవ్వి ఎన్నాళ్లయిందో. అక్కా ఉండాలి, కిరాయీ ఉండాలి. నేను రబ్బరు వ్యాపారిని, నాకిదొక లెక్కా అనుకున్నాను. కొట్టులో ఉన్న మేలు రకం షీటు తెచ్చి హాలంతా పరిచి అతికించాను. కుర్చీల కాళ్లకి తొడుగులు, కర్రకి బూటు, అక్కకి మెత్తటి చెప్పులు. అక్కని హాల్లో అటూ ఇటూ నడవమని, నేను కింద తెర ముందు నిలబడ్డాను. అదురు చూపించే గీత వణకలేదు.

"అద్భుతం బాబాయ్ గారూ! పైన మనిషి లేనట్టే ఉంది!"

రెండేసి మెట్లెక్కి పైకి పరిగెత్తాను. "అక్కా, గెలిచాం! నువ్వసలు లేనట్టే ఉందట!"

అక్క హాలు మధ్యలో ఆగిపోయింది. మెల్లిగా కుర్చీ లాక్కుని కూర్చుంది. కుర్చీ కూడా చప్పుడు చెయ్యలేదు.

"అక్కడా అంతేరా," అంది. "నీ దగ్గరైతే నేనున్నట్టు తెలుస్తుందనుకున్నాను."

నాకు అర్థం కాక షీటు మందం గురించి, కిరాయి గురించి చెప్పుకుపోయాను.

"నీ సరుకుకి వంకేం లేదులే," అంది.

మర్నాడే మళ్లీ మరిది ఇంటికి వెళ్లిపోయింది. కర్రకి నేను తొడిగిన బూటు పీకి బల్ల మీద పెట్టింది. మెట్ల మీద రబ్బరు లేదు. కర్ర చప్పుడు కింది మెట్టు దాకా విన్నాను.

తర్వాత ఆ హాల్లో నేను నడిస్తే నాకే వినపడేది కాదు. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక అక్కకి ఫోన్ చేశాను.

"అక్కా, తిరిగొచ్చెయ్యవే."

"ఎందుకురా ఆ గుసగుసలు? ఎవరైనా పోయారా?"

"కింద సూది నడుస్తోంది."

"ఇది పిలవడమా, దొంగతనమా?"

లేచాను. షీటు అయిపోయి గచ్చు మొదలయ్యే వంటింట్లోకి మడమలు తాటిస్తూ నడిచాను. "రావే అక్కా! నీ ఇష్టమొచ్చినట్టు తిరుగు!" అని అరిచాను.

ఇంతలో తలుపు దబదబ మోగింది.

"ఎవరో వచ్చినట్టున్నారు. ముందు వాళ్లకి జవాబు చెప్పుకో," అని అక్క పెట్టేసింది.

గుమ్మంలో సూదమ్మాయి రొప్పుతోంది. "బాబాయ్ గారూ, పడిపోయారా?"

"లేదమ్మా. వరస చెదిరిందా?"

"చెదిరింది. మళ్లీ పేర్చుకుంటాలెండి."

"నెలాఖరు దాకా పేర్చుకో, నేను కదలను. ఆ తర్వాత గది ఖాళీ చెయ్యాలమ్మా."

"కిరాయి పెంచాలా?"

"కాదు. మా అక్క వస్తే నడవాలి."

"ఎప్పుడొస్తారు?"

"వస్తానని ఇంకా అనలేదు."

ఆమె నా వెనక హాలు వైపు ఒకసారి చూసి, దిగి వెళ్లింది. చేతిలో ఉన్న కిరాయి వదులుకుని, వస్తుందో రాదో తెలియని చప్పుడు కోసం కూర్చోవడం! ఇలాంటి బేరం ఇంకెవరైనా చేస్తే ముందు నవ్వేవాణ్ణి నేనే.